దేవమ్మ గారి నీలం కేబుల్

“స్మగ్లింగ్ ముఠా ప్లాన్ తెలిసింది,” అన్నాడు చీఫ్ కాంతారావు, బందరు ఆఫీసులో. “రేపు అవనిగడ్డ చర్చి హాల్లో మన గస్తీ పడవల రూట్ మ్యాప్ తెర మీద వేస్తారు, ఊళ్ళో ప్రొజెక్టర్ ఉన్నది అక్కడే. అక్కడున్న ఏదో వస్తువు దాన్ని కాపీ చేసి విదేశానికి పంపుతుంది. ఏ వస్తువో స్వర్ణలత చెప్తుంది. మీటింగ్ మాత్రం ఆగకూడదు. రాత్రికి పడవలు బయల్దేరాలి.”

ఏజెంట్ స్టీఫెన్ తలూపాడు. ముఠా మనుషుల రాకపోకలు కనిపెట్టడానికి నెలగా ఆ చర్చిలోనే కొత్త విశ్వాసి వేషంలో ఉన్నాడు. వేషానికో కారణం కావాలి కదా, మా అమ్మకి జబ్బని చెప్పాడు. అంతే, పాటల తెర చూసుకునే దేవమ్మ గారు ప్రతి శుక్రవారం ఆవిడ కోసం ఉపవాసం మొదలుపెట్టారు. అమ్మేమో ముదినేపల్లిలో గుండ్రాయిలా ఉంది. ఛీ, ఏం బతుకు ఇది!

మర్నాడు శుక్రవారమే. గుమ్మంలో నల్లకళ్ళద్దాలతో స్వర్ణలత ఎదురైంది. గుడివాడ మనిషి. ముఠా జీతం తింటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

“నేనిచ్చిన బాక్స్ బాగా పనిచేస్తోందాండీ?” అంది.

అది కోడ్. చీఫ్ చెప్పిన వస్తువు ఆ బాక్సేనన్నమాట. ముఠా పురమాయిస్తే కృతజ్ఞతార్పణగా ఆవిడ చర్చికిచ్చింది. దేవుడికిచ్చిన దాన్ని విప్పి చూసేదెవరు? ఇప్పటి ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ, చర్చి ప్రొజెక్టర్‌కి పాత వీజీఏ. మధ్యలో ఆ బాక్స్ లేనిదే బొమ్మ రాదు.

గస్తీ ఆఫీసర్ భూషణం అప్పటికే వైర్లు పెట్టేసి, మ్యాప్ తెరవబోతున్నాడు. స్టీఫెన్ దూకి బాక్స్ పీకేశాడు.

“ఏంటయ్యా ఇది?”

“కాలిపోయేలా ఉందండీ.” ఇంకో అబద్ధం.

“మరి మీటింగ్?”

“నా పాత ల్యాప్‌టాప్ ఉంది బాబూ,” అన్నారు దేవమ్మ గారు, నీరసంగా లేస్తూ. “ప్రొజెక్టర్ నీలం కేబుల్ దీనికి నేరుగా తగులుతుంది. కేబుళ్ళు ఎన్ని మారాయో, ముందు పసుపు పిన్ను, తర్వాత ఈ నీలం, ఇప్పుడా సన్నది. మారినప్పుడల్లా మధ్యలో ఓ డబ్బా.”

భూషణం పెన్‌డ్రైవ్‌లో మ్యాప్ తెచ్చి పెట్టాడు. స్టీఫెన్ కేబుల్ రెండు స్క్రూలూ గోటితో బిగించాడు. తెర మీద బొమ్మ కాస్త మసగ్గా వచ్చింది. విదేశానికి మాత్రం ఏమీ వెళ్ళలేదు.

“మీ అమ్మకెలా ఉంది?” దేవమ్మ గారి పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

నిజం నోటిదాకా వచ్చింది. “తగ్గిందండీ,” అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. “ఆదివారం తీసుకురా. ప్రార్థనతో తగ్గిందని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి.”

“మిషన్ ఓవర్. ఇక ఆ ఊరు వెళ్ళకు,” అన్నాడు చీఫ్ ఫోన్లో.

స్టీఫెన్ ఆ ఫోన్ పెట్టేసి ముదినేపల్లికి చేశాడు. “అమ్మా, ఆదివారం అవనిగడ్డ వెళ్దాం. నీకు జబ్బు చేసి తగ్గింది.”

“ఎప్పుడ్రా?” అంది ఆవిడ.

ఏ ముఠాకీ చిక్కని ఏజెంట్ వేళ్ళ మీద శుక్రవారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.