అదృష్టపు కన్ను

పొద్దున ఏడయ్యింది. వీరలక్ష్మి జడ వేసుకుంటూ చూస్తుండగానే, గ్లాసులో పడాల్సిన టీ కాస్తా గ్లాసు పక్కన బల్ల మీద పడింది.

"ఒసేయ్ దుర్గా! గ్లాసు ఇక్కడ పెడితే టీ అక్కడ పోత్తన్నావేంటే? కళ్ళు నెత్తికెక్కాయా?"

చెల్లెలు సత్యదుర్గ ఉలిక్కిపడి గిన్నె దించింది. "చూసుకోలేదక్కా," అంటూ గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది. తుడుస్తున్నంతసేపూ ఎడమకన్ను మూసుకునే ఉంది. ఈ మధ్య ఆ పిల్లకి ఇదో అలవాటయింది. దేన్నయినా పరీక్షగా చూడాల్సి వస్తే చాలు, ఒక కన్ను మూసేస్తుంది.

"పొద్దస్తమానం ఫోను చూత్తే కళ్ళు ఇలాగే తగలడతాయి."

"ఫోను చూసి నెలయ్యిందక్కా. తలనొప్పికి చూడలేకపోతన్నాను."

"ఆ తలనొప్పొకటి దొరికింది నీకు! పనంటే చాలు, వచ్చి కూర్చుంటది."

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్న సోమరాజు తలెత్తాడు. "పొద్దున్నే మొదలెట్టావా లక్ష్మీ? టీయే గదా ఒలికింది, కొంపేం మునగలేదు గదా."

"మీరూరుకోండి! మీరిచ్చే అలుసు చూసుకునే అది ఇలా తయారయ్యింది."

సోమరాజు మరదలి వంక చూశాడు. ఇప్పుడొద్దు బావా అన్నట్టు మరదలు తల అడ్డంగా ఊపింది. వీరలక్ష్మి అటు తిరిగి ఉంది కాబట్టి సరిపోయింది గానీ, ఆ సైగ కంటబడి ఉంటే అప్పటికప్పుడే ఇల్లు పీకి పందిరేసేది.

బహ్రెయిన్ దేశంలోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక బహ్రెయినీ మేడంకి ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టుంది. కొట్టు మీద రెండు గదుల్లో వీళ్ళ ముగ్గురి కాపురం. సోమరాజు సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో ఏసీ మెకానిక్కు. వీరలక్ష్మి మొదట ఇళ్ళలో పని చేసి, కుట్టు నేర్చుకుని, మేడం దగ్గర కుదురుకుంది. మూడేళ్ళ క్రితం రాజోలు దగ్గర ఊరి నుంచి చెల్లెల్ని కూడా రప్పించుకుంది. చెల్లెలి మీద ప్రేమ లేక కాదు, ఉంది. కానీ ప్రేమ కన్నా ఆ పిల్ల తెచ్చే అదృష్టం మీద నమ్మకం ఎక్కువ.

దుర్గది మెల్లకన్ను. ఎప్పుడూ కాదు, అలిసిపోయినప్పుడు ఎడమకన్ను కాస్త పక్కకి జారుతుంది. మెల్లకన్ను పిల్ల ఇంట్లో తిరిగితే లక్ష్మీదేవి తిరిగినట్టే అని వాళ్ళమ్మ పాపాయమ్మ ఊరంతా చెప్పుకుంది. కొత్త గేదెని కొన్నా, విత్తనం చల్లినా ముందు దుర్గ చెయ్యి తగలాల్సిందే. ఆ పిల్ల వచ్చిన ఏడాదే కొట్టుకి పని రెండింతలైంది. ఇంకేముంది, వీరలక్ష్మి ఇక్కడా అదే ఆనవాయితీ పెట్టింది. ఎంత ఖరీదు గుడ్డ వచ్చినా కొలతలు తను తీసుకుంటుంది, సుద్దగీత తను గీస్తుంది, మొదటి కత్తెర మాత్రం దుర్గే వెయ్యాలి. నాకు బాగా కనపడట్లేదక్కా, నువ్వే కొయ్యి అని ఆ పిల్ల ఎన్నిసార్లు బతిమాలినా, చాల్లే నీ ఏషాలు అని కత్తెర చేతిలో పెట్టేది.

ఆ మధ్యాహ్నం కొట్టులో బల్ల మీద ఉన్నది ఆకుపచ్చ పల్చటి గుడ్డ, దాని మీదంతా బంగారు జరీ పువ్వులు. మేడం తమ్ముడి కూతురి పెళ్ళి. గోరింటాకు పెట్టే రోజున పెళ్ళికూతురు వేసుకునే గౌను అది. అలాంటి గుడ్డ మళ్ళీ దొరకదని మేడం చెప్పి మరీ అప్పగించింది. వీరలక్ష్మి గీత గీసి, దణ్ణం పెట్టుకుని, చెల్లెల్ని పిలిచింది.

దుర్గ కత్తెర పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఒక కన్ను మూసింది. తెరిచింది. రెండో కన్ను మూసింది.

"ముహూర్తం చూత్తన్నావా? యల్లా, కానీ!"

కత్తెర కసకసా నడిచింది. నాలుగు జానలు నడిచాక గానీ వీరలక్ష్మి చూసుకోలేదు.  సుద్దగీత ఒకచోట ఉంది, కోత ఇంకోచోట ఉంది. గీతకి బెత్తెడు ఎడంగా, జరీ పువ్వుల మధ్యలోంచి, గుడ్డ నిలువునా చీలిపోయింది.

వీరలక్ష్మి చెయ్యి లేచింది. చెంప మీద ఫెడేలుమంది.

"ఏం చేశావే! ఏం చేశావే పాపిష్టిదానా! గుడ్డిదానివా నువ్వు? ఇంత లావు గీత గీశాను గదే!"

దుర్గ చెంప పట్టుకోలేదు. ఏడవలేదు. కత్తెర బల్ల మీద పెట్టింది.

"ఒక గీత కాదక్కా. నాకు రెండు గీతలు కనపడ్డాయి. ఏది నిజమో తెలీలేదు. తెలీక ఎడంపక్కది కోశాను."

"రెండు గీతలా? ఎవరికి చెప్తావే ఈ కతలు?"

"కతలు కాదు! మద్దాన్నం అయ్యేసరికి నాకు అన్నీ రెండే. సూదులు రెండు. నువ్వు ఇద్దరు. కళ్ళు రెండూ కలిపి ఒకచోట నిలబెట్టడానికి పొద్దుణ్ణించీ బలం పెట్టి పెట్టి, తల పగిలిపోతంది. బావకి చెప్పాను. కిందటి నెల బావే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆపరేషన్ చేత్తారంట, కన్ను నిలబెడతారంట. ఆదివారానికి టైమిచ్చారు."

కోపం అంటే అలాంటి ఇలాంటి కోపం కాదు. వీరలక్ష్మికి ఒళ్ళంతా మండిపోయింది. గుడ్డ సంగతి కూడా మర్చిపోయింది. మొగుడూ చెల్లెలూ కలిసి తన వెనకాల నెలరోజులు గూడుపుఠాణీ నడిపారా? అదీ ఏ కన్ను కోసం? ఇంటిల్లిపాదినీ నిలబెట్టిన కన్నుని కోయించుకోడానికా? అప్పటికప్పుడు ఊళ్ళో ఉన్న తల్లికి ఫోన్ చేసి, నీ చిన్నకూతురి నిర్వాకం విన్నావా అని అంతా ఏకరువు పెట్టింది. పాపాయమ్మ అవతల లబోదిబోమంది. తర్వాత సోమరాజుకి చేసింది.

"పెళ్ళాం చచ్చిందనుకున్నారా, అడక్కుండా చెయ్యడానికి?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు గదా," అన్నాడు సోమరాజు. "అది నరకం పడతంది లక్ష్మీ. నువ్వు చూత్తానే ఉన్నావు, అయినా నీకు కనపడట్లేదు."

"నాకు కనపడకపోవడం కాదు, మీకు బుద్ధి లేకపోవడం! ఆ డాక్టరెవరో నేనే వెళ్ళి అడుగుతాను. కానియ్యండి, ఎలా కోత్తారో నేనూ చూత్తాను!"

అన్నంత పనీ చేసింది. సాయంత్రం అయిదింటికల్లా చెల్లెల్ని రెక్క పట్టుకుని టాక్సీ ఎక్కించి, ఆ కంటి క్లినిక్కుకి లాక్కుపోయింది. డాక్టరమ్మ కేరళావిడ. వీరలక్ష్మి కూర్చోకుండానే తనకొచ్చిన హిందీలో దులిపేసింది. మా పిల్లకి పుట్టుకతో వచ్చిన కళ అది, మా ఇళ్ళలో దాన్ని ముట్టుకోం, ఆపరేషన్ లేదు గీపరేషన్ లేదు, ఖలాస్ అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. అంతా విని, "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగింది.

"కుట్టుపని."

"అయితే కాసేపు కుట్టండి."

అద్దాలు మార్చే ఇనుప కళ్ళజోడొకటి తెచ్చి వీరలక్ష్మి ముక్కు మీద పెట్టి, అందులో ఒక గాజుబిళ్ళ బిగించింది. చేతికి చిన్న గుడ్డముక్క, సూదీ దారం ఇచ్చింది. పది నిమిషాలు కుట్టమంది. ఇదేం చోద్యం అనుకుంటూ వీరలక్ష్మి సూదిలో దారం ఎక్కించబోయింది. సూది బెజ్జం పక్కనే ఇంకో బెజ్జం. కళ్ళు చిట్లించి బలవంతాన చూస్తే రెండూ దగ్గరికొచ్చి ఒకటయ్యాయి. బలం వదిలితే మళ్ళీ విడిపోయాయి. నాలుగు కుట్లు వేసేసరికి నుదురు బిగుసుకుపోయింది. కళ్ళ వెనకాల ఎవరో తాడు కట్టి గుంజుతున్నట్టుంది.  తనకి తెలియకుండానే ఎడమకన్ను మూసేసింది.

మూశాక సూది ఒక్కటే అయింది. ప్రాణం లేచొచ్చింది.

"తీసెయ్యండి బాబూ, తీసెయ్యండి," అంది.

"నాలుగు నిమిషాలే అయింది," అంది డాక్టరమ్మ గడియారం చూసి. "మీకు ఇది అద్దం పెడితే వచ్చింది, తీస్తే పోతుంది. ఆమెకి తీసే వీలు లేదు. రెండు కళ్ళూ ఒకే చోట చూస్తేనే మెదడు రెండు బొమ్మల్నీ కలిపి ఒకటి చేస్తుంది. ఈమె కన్ను పక్కకి పోతుంటే కండరాలు లాగి పట్టుకుంటున్నాయి, పొద్దున లేచిన దగ్గర్నుంచీ. ఎన్నాళ్ళు పడతాయి? అలిసిపోయి వదిలేస్తున్నాయి."

 వీరలక్ష్మి అడగనా వద్దా అని నలిగి, చివరికి అడిగింది. "చిన్నప్పుడు కళ్ళజోడు వాడుంటే తగ్గేదామ్మా?"

"తగ్గేదని కచ్చితంగా చెప్పలేను. ఇంత కష్టపడేది మాత్రం కాదేమో."

అక్కచెల్లెళ్ళు టాక్సీలో ఇంటికి బయల్దేరారు. వీరలక్ష్మికి ఇంకా కోపంగానే ఉంది. ఎవరి మీదో తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా మండుతోంది. ఇంటికొచ్చేసరికి సోమరాజు డ్యూటీ నుంచి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా కూర్చుని ఉన్నాడు. పెళ్ళాం అరుస్తుందని కాచుకుని ఉన్నవాడు, అరవకపోయేసరికి బెదిరిపోయాడు.

"ఏమయ్యింది?" అన్నాడు మరదలితో.

దుర్గ నోరు తెరిచేలోపు ఫోను మోగింది. పాపాయమ్మ. వీరలక్ష్మి స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"ఏవే పెద్దమ్మడూ, ఆపేవా? ఆపేనని చెప్పవే తల్లీ, నాకు ముద్ద దిగట్లేదు. ఆ కన్ను సరిచేత్తే కలిసొచ్చిందంతా కొట్టుకుపోద్ది. గుర్తులేదా, చిన్నప్పుడు బడికొచ్చిన డాక్టరు కళ్ళజోడిత్తే, అది పెట్టుకున్న వారంలోనే నీ వీసా ఆగిపోయింది! అది పారేసుకుంది గాబట్టి సరిపోయింది, మళ్ళీ నెలకే వీసా వచ్చింది."

"అది పారేసుకోలేదమ్మా," అంది వీరలక్ష్మి.

"ఏంటీ?"

"అది పారేసుకోలేదు. నేను తీశాను. అది నిద్దరోతుంటే తలగడ పక్కనున్న కళ్ళజోడు తీసుకెళ్ళి పంటకాలవలో పారేశాను. నా వీసా కోసం."

 సోమరాజు కుర్చీలోంచి లేచాడు.

"మరి నేను దాన్ని..." అంది పాపాయమ్మ.

"కొట్టావు. పప్పుగుత్తి విరిగేదాకా కొట్టావు. పదకొండేళ్ళ పిల్ల, నేను పారెయ్యలేదమ్మా అని ఏడుత్తా ఉంటే నేను గుమ్మంలో నుంచుని చూశాను. నువ్వు ఊళ్ళో ముందు దాని చెయ్యి పెట్టించావు, నేను ఇక్కడ దాని చేతికి కత్తెరిచ్చాను. ఏంటమ్మా మన అదృష్టం? దాని తల పగిలిపోతుంటే మనకి కలిసొచ్చింది! ఇంక దాని కన్ను సంగతి నువ్వెత్తావా, నాకు నువ్వు ఫోన్ చెయ్యక్కర్లేదు. మేడంకి గుడ్డ పాడుచేసింది నేనేనని చెప్తాను. ఆదివారం దానికి ఆపరేషన్. అంతే!"

ఫోను పెట్టేసి చెల్లెలి వైపు తిరిగింది. 

దుర్గ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. మధ్యాహ్నం చెంపదెబ్బకి రాని కన్నీళ్ళు ఇప్పుడు బొటబొటా కారుతున్నాయి.

"నేనే ఎక్కడో పారేసుకున్నాననుకున్నాను," అంది. "ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. నా ఖర్మ, నేనే పారేసుకుని నా కళ్ళు పాడుచేసుకున్నానని. వారం రోజులు ఎతికానే అక్కా! బడి దగ్గర, చేలో, గడ్డివాము కింద..." చెంపలు తుడుచుకుంది. "నువ్వు కూడా వచ్చావు గదే! లాంతరు పట్టుకుని నువ్వూ నాతో పాటు ఎతికావు గదే!"

 వీరలక్ష్మి నేల మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. దొంగేడుపు కాదు, కడుపులోంచి తన్నుకొచ్చిన ఏడుపు. సోమరాజు ఒక అడుగు ముందుకేసి, ఎవర్ని ఊరుకోబెట్టాలో తెలియక అక్కడే ఆగిపోయాడు.

చాలాసేపటికి దుర్గ వచ్చి అక్క ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆదివారం బావ రానక్కర్లేదు. నువ్వే రా."

వీరలక్ష్మి తలెత్తింది. "నేనా? నా మొహం చూడాలనుందా నీకు?"

"లేదు. అయినా నువ్వే రావాల. ఆపరేషనయ్యాక కంటికి కట్టు కడతారంట. చెయ్యి పట్టుకుని నన్ను నువ్వే ఇంటికి తీసుకురావాల." దుర్గ ముక్కు తుడుచుకుంది. "కోపం పోయిందనుకోకు. పోలేదు. ఎప్పుడు పోద్దో నాకూ తెలీదు. పోయిన రోజున చెప్తాను."

"చెప్పకపోయినా పర్లేదే," అంది వీరలక్ష్మి. చెయ్యి చాపింది, పట్టుకుంటుందో లేదో అని భయపడుతూనే చాపింది.

దుర్గ వెంటనే పట్టుకోలేదు. పట్టుకున్నాక మాత్రం వదల్లేదు.