కోటేష్ చేయని గొంతు

పొద్దున ఏడైంది. సక్రి బిందె పట్టుకుని తండా చివరి బోరింగుకు పోయింది. ఆమె పెనిమిటి బిచ్యా గొడ్లకు మేత వేస్తున్నాడు. కోడలు సరళ మాత్రం పొయ్యి రాజేయకుండా, తన చీరలూ నాలుగేళ్ల పుష్ప గౌన్లూ సంచిలో కుక్కుతోంది. మొగుడు పోయిన ఈ రెండేళ్లలో అత్తమామలను పల్లెత్తు మాట అనని మనిషి, ఇవాళ పలకరిస్తే పలకడం లేదు.

కారణం నిన్నటి పెళ్లి. దమ్మపేటలో ఆమె మేనమామ కూతురి పెళ్లికి ఆర్కెస్ట్రా పెట్టారు. పాటల మధ్య మిమిక్రీకి మైకు పట్టుకున్నది ఆమె మరిది కోటేష్! అతను పెళ్లిళ్లలో మిమిక్రీ చేస్తాడని సరళకు తెలుసు. సినిమా హీరోల గొంతులే కాబోలు అనుకుంది పాపం.

"మా ఇంటికి అడవిల నుంచి అన్నలొచ్చిండ్రు," అని మొదలుపెట్టాడు. "కోడి కోయమన్నరు. తిన్నరు. 'పోలీసోళ్లకు ఏం పెట్టినవ్?' అని మా నాయిన్ని గుద్దిండ్రు. తెల్లారి పోలీసోళ్లొచ్చిండ్రు. కోడి కోయమన్నరు. తిన్నరు. 'అన్నలకు ఏం పెట్టినవ్?' అని వాళ్లూ గుద్దిండ్రు. మా నాయిన చేతులు జోడించి, 'సార్, ఇగ పుంజొక్కటే మిగిలింది. ఇన్ఫార్మర్ అదే! రోజూ పొద్దుగాల ఊరంత వినబడేటట్టు చెప్తది' అన్నడు."

పందిరంతా పడీ పడీ నవ్వింది. అడవి పక్క ఊళ్లు మరి, అందరి కోళ్లూ అలాగే పోయాయి. సరళ ఒక్కతే విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. ఇన్ఫార్మర్ అనే కదా నక్సలైట్లు ఆమె మొగుడు బాబూరావును తీసుకుపోయి చంపింది!

ఆ కోటేష్ ఇప్పుడు మొదటి బస్సు దిగి, ఏమీ ఎరగనట్టు గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, ఛాయ్ ఉన్నదా?"

"నా మొగుని సావు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవ్ గదా! కడుపు నిండలేదా?"

కోటేష్ మొహం మాడిపోయింది. "నేను అన్న పేరెత్తలే వదినా."

"ఎత్తకుంటే? ఆ పుంజు ఎవరో నాకు తెల్వదా? నా పక్కన కూసున్న మన తండా సోమ్లి కండ్లెంబడి నీళ్లు కారంగ నవ్వింది. సిగ్గుండాలె!"

"నవ్వనియ్ వదినా. ఆమె కొడుకుని గూడ గట్లనే పట్కపోయిండ్రు. సోమ్లి నవ్వి ఎన్నేండ్లయిందో! జనం నవ్విన రోజే నాకూ ఇంత నిద్ర పడతది."

"నీ నిద్రకు నా మొగుడే దొరికిండా? మా అన్న రాందాస్ ఆటో తెస్తుండు. పుష్పను తీస్కొని పోతున్న. మళ్ల ఈ గడప తొక్కను."

బిచ్యా చేతిలో గడ్డి అక్కడే పారేసి పరుగున వచ్చాడు. "బిడ్డా, పిల్లను తీస్కపోతే మేం ఏం జూస్కొని బతకాలె? ఒరేయ్, ఇగ స్టేజీ ఎక్కనని చెప్పురా! మీ వదిన కాళ్లు మొక్కు!"

కోటేష్ మొక్కలేదు. గోడకు జారగిలబడి కూలబడ్డాడు.

"ఎస్సై గొంతు చేసింది నేనే వదినా."

"ఏ ఎస్సై?"

"అన్నను పట్కపోయే ముందు శనివారం. ఇంటెనక నిలబడి తమాషకు ఎస్సై లెక్క పిలిచిన. 'ఏం బాబూరావ్, ఏం ఖబర్లున్నయ్?' అని. అన్నకు నా గొంతేనని ఎరుకే. 'చెప్త సార్, అన్నీ చెప్త' అని అన్న గూడ నవ్వులకే అన్నడు. బాటెంబడి పోయేటోడెవడో విని, నిజమనుకొని అడవిలోళ్లకు చెప్పిండు. పట్కపోయేటప్పుడు అదే అడిగిండ్రు, 'ఎస్సైతోని మాట్లాడలేదా' అని. అన్న నా దిక్కు చూసిండు. ఆ గొంతు నాదని చెప్తే ఇడిచిపెట్టేటోళ్లేమో. భయానికి నాకు నోరు పెగల్లేదు. అన్న గూడ నా పేరు చెప్పలే."

బిచ్యా తల పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాడు. సరళ కోటేష్ చెంప మీద ఒక్కటి కొట్టింది. ఇంకొకటి కొట్టడానికి లేపిన చెయ్యి కిందికి దించేసింది. "నాకు ఆయన మొకం యాదికున్నది. గొంతు యాదికొస్తలేదు," అంది. "అందరి గొంతులు చేస్తవ్ గదా. మీ అన్న గొంతు చెయ్."

"అది నాతోని కాదు వదినా."

"చెయ్!"

కోటేష్ కళ్లు మూసుకున్నాడు. "సరళా, నా తువ్వాల యాడ బెట్టినవే?"

అచ్చం బాబూరావే.

"దండెం మీదున్నది బాబూ!" అని వాకిట్లోంచి జవాబొచ్చింది.

బోరింగు నుంచి అప్పుడే వచ్చిన సక్రి, అలవాటు కొద్దీ అనేసింది. అన్నాక బిందె జారిపడింది. తడి కాళ్లతో గుమ్మంలోకి వచ్చి ఒక్కొక్కరి మొహం చూసింది. ఉన్నది ముగ్గురే.

తండాలో ఎవరు పోయినా ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాళ్ల ముచ్చట్లు చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. ఇన్ఫార్మర్ ఇంటికి పోతే తమకేం మూడుతుందోనని ఆనాడు ఒక్కరూ రాలేదు. తెల్లారే పోలీసులు వచ్చి కూర్చుంటే అత్తాకోడళ్లు కూడా నోట్లో గుడ్డ కుక్కుకున్నారు. ఆ ఏడుపు రెండేళ్లకు ఇప్పుడు వచ్చింది. సరళ అత్త మెడ పట్టుకుంది. సక్రి రాగం తీసింది. లోపల నిద్రపోతున్న పుష్ప ఆ ఏడుపుకు లేచి, బెదిరిపోయి తాత ఒళ్లోకి ఎక్కింది.

బయట ఆటో హారన్ మోగింది. సరళ అత్తను వదలకుండానే కోటేష్ వైపు చూసింది.

"పోయి మా అన్నకు చెప్పు, నేను వస్తలేనని. నిన్ను మాఫ్ చేసిననుకోకు. చేస్తనో లేదో నాకే తెల్వదు. రేపు పుష్పను పక్కన కూసోబెట్టుకొని, దాన్ని మీ అన్న లెక్క పేరు వెట్టి పిలువు. దానికి వాళ్ల నాయిన గొంతు ఎట్లుంటదో తెల్వాలె."