ఎవరూ కాదనలేని ఫోటో

"ఎవురప్పా మా అవ్వను సంపింది?"

స్టూడియో షట్టర్ సగం ఎత్తి వంగి లోపలికి దూరబోతున్న రామాంజులు ఆ మాటకు ఉలిక్కిపడి తల కొట్టుకున్నాడు. ప్రొద్దుటూరులో అతని మీద రకరకాల ఫిర్యాదులు వచ్చాయి గానీ, హత్య ఇదే మొదలు.

వెనక్కి తిరిగితే స్కూటీ పక్కన ఒక అమ్మాయి. చంకలో చాపలా చుట్టిన ఫ్లెక్సీ. కోపంలో ఆడపిల్లలు అందంగా ఉంటారని రాసేవాళ్ళకు నిజంగా కోపమొచ్చిన ఆడపిల్ల తగిలి ఉండదు. రామాంజులుకు భయమే వేసింది. అందం సంగతి మధ్యాహ్నం భోంచేస్తుంటే గుర్తొచ్చింది.

ఆ అమ్మాయి ఫ్లెక్సీ నేల మీద పరిచింది. ఒంటిపన్నుతో పకపకా నవ్వుతున్న ముసలమ్మ. పైన 'అశ్రునివాళి'. కింద 'అక్కమ్మ గారి ఆత్మకు శాంతి చేకూరాలని' కోరుకుంటూ, కూలింగ్ గ్లాసులు పెట్టుకున్న పన్నెండు మంది మనవళ్ళు.

"మా అవ్వకు మనవడే ల్యాడు. నేనొక్కదాన్నే మనవరాలు. ఈ ఫోటో నువ్వే తీసినావంట?"

"నేనే మేడం. కానీ నేను తీసినప్పుడు బతికే ఉండ్య."

"ఇప్పుడూ బతికే ఉంది! జమ్మలమడుగు బస్టాండు కాడ దోసెలు పోస్తాంది. అంగడికి ఎదురుగానే కట్టినారు దీన్ని. ఒకాయన తింటా తింటా పైకి సూసి, మా అవ్వను సూసి, దోసె ఆడే పారేసి ఉరికినాడు."

రామాంజులు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నవ్వుతాండావా?"

"లేదు మేడం. ఏడుస్తాండా."

జరిగింది ఇదీ. రామాంజులు పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ తీసేది పొట్టకోసం. మనసు కోసం తీసేది బజారును. పూలు కట్టేవాళ్ళు, బస్సు కిటికీలో కునుకు తీసేవాళ్ళు, బేరం కుదరక చీరలంగడి మెట్ల మీద అలిగి కూర్చున్నవాళ్ళు. అలా తీసిన అక్కమ్మ ఫోటోను స్టూడియోలో పెట్టుకుందామని పెద్దగా వేయమని ఫ్లెక్సీల అమీర్ బాషాకు ఇచ్చాడు. అదే వారం జమ్మలమడుగు పక్క పల్లెలో ఇంకో అక్కమ్మ పోయింది, ఆమె ఫ్లెక్సీ కూడా బాషా దగ్గరికే వచ్చింది.

ఫోన్ చేసి అడిగితే అమీర్ బాషా తప్పు ఒప్పుకోలేదు. "రెండూ ముసిలోళ్ళే, రెండూ అక్కమ్మే. ఏది పోయిందో ఏది ఉందో నాకెట్ల తెలుస్తాది మామా?"

మరి ఆ మనవళ్ళకైనా తెలియలేదా? వాళ్ళు తమ ఫోటోలు బాగా పడ్డాయో లేదో చూసుకున్నారు గానీ, పైనున్న అవ్వ ముఖం ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రమే రామాంజులు క్షమాపణ చెప్పడానికి జమ్మలమడుగు వెళ్ళాడు. అక్కమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వేనా అబ్బీ? ఫోటో శానా బాగుండాది. పోయినాక ఎట్లా కనపడతామో సూస్కునే యోగం ఎంతమందికి ఉంటాది? కూర్చో, తిను."

ఎర్రకారం దట్టంగా పూసిన దోసె పెట్టింది. మొదటి ముక్కకే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా మనవరాలు కుసుమ నవ్వుతోంది. కారం వేయించింది తనేనని ఆ నవ్వే చెప్పింది.

తర్వాత ప్రతి ఆదివారం రామాంజులుకు జమ్మలమడుగులో ఏదో ఒక పని పడేది. కుసుమ అక్కడి ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది, ఆదివారాలు అవ్వకు సాయం చేస్తుంది. మాట్లాడేటప్పుడు ఆమె ముఖంలో నిమిషానికో రంగు. కెమెరా ఎత్తితే చాలు, ఆధార్ కార్డు.

"నవ్వు కుసుమా."

"ఎందుకు?"

"ఫోటోకు."

"నీ ఫోటో ఏం జోకు సెప్పిందని?"

ఒక ఆదివారం వాన పడింది. ఆ ఊళ్ళో వాన అంటే విడ్డూరమే. ఉన్నది ఒకే గొడుగు. పక్కన తడుస్తూ కుసుమ. రామాంజులు గొడుగు కెమెరాకు పట్టాడు.

"నేను కనపడ్ల్యా నీకు?"

"నువ్వు తడిస్తే ఆరతావు. ఇది తడిస్తే సస్తాది."

కుసుమ రెండు వారాలు మాట్లాడలేదు. ఆ రెండు వారాల్లోనే రామాంజులుకు తెలిసొచ్చింది, తన కొంప మునిగిందని. ఆమె లేనిదే దోసె కూడా చప్పగా ఉంది. ఆమె మళ్ళీ మాట్లాడాక ఈ సంగతి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ ఇంకో దోసె అడిగాడు.

ఇలా ఉండగా, దోసెల అంగడి దగ్గర అప్పుడప్పుడు కనపడే కుసుమ తండ్రి ఆదినారాయణ స్టూడియోకు వచ్చాడు. గొర్రెల మంద, నాలుగెకరాల శనగ చేను, ఆ రెండింటికీ మించిన మీసం ఉన్న మనిషి. వెనకాల పట్టుచీరలో కుసుమ.

"పులివెందుల సంబంధం వచ్చిందప్పా. చీనీతోట, అరిటితోట, నాలుగు బోర్లు. నాలుగింట్లోనూ నీళ్ళు! ముందు ఫోటో పంపమన్నారు. ఎవురూ కాదనలేని ఫోటో తీయాల నువ్వు."

నాలుగు బోర్లలోనూ నీళ్ళున్న మగవాడితో ఎవరు పోటీ పడగలరు? రామాంజులు లెన్సు తుడవడం మొదలుపెట్టాడు. "అట్లనే మామా," అన్నాడు.

ఆదినారాయణ టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. కుసుమ స్టూలు మీద కూర్చుంది.

పదకొండు ఫోటోలు తీశాడు. పదకొండూ ఆధార్ కార్డులే. వీటిలో ఏది పంపినా పులివెందుల వాళ్ళు దండం పెట్టేస్తారు. అతని ముఖం దానంతట అదే వెలిగింది.

కుసుమ కనిపెట్టింది. "కావాలనే సెడగొడతాండావు కదా?"

"నేనేం సెడగొట్టినా? నువ్వే గుంజ మాదిరి కూర్చోనుంటివి."

"సెప్పాల్సిన మాటుంటే నోటితో సెప్పల్ల రామాంజులూ. ఫోటో సెడగొట్టి కాదు."

రామాంజులు నోరు తెరిచాడు. ఈసారి అడగడానికి దోసె కూడా లేదు.

"కొంచెం... గడ్డం ఎత్తు," అన్నాడు.

కుసుమ అతని వంక చూసింది. మొదట కోపం వచ్చింది. తర్వాత జాలేసింది. ఇంత పిరికివాణ్ణా నేను ఇష్టపడింది అనుకుందో ఏమో, చివరికి ఫక్కున నవ్వింది. రామాంజులు వేలు అతన్ని అడగకుండానే బటన్ నొక్కేసింది.

పన్నెండో ఫోటో. అది ఆధార్ కార్డు కాదు, కుసుమ.

"ఏది బాగుంటే అది పంపప్పా," అన్నాడు లోపలికొచ్చిన ఆదినారాయణ, పులివెందుల నంబరు ఇస్తూ.

మొదటి పదకొండింటిలో ఒకటి పంపితే సంబంధం తప్పిపోతుంది. పన్నెండోది పంపితే కుదిరిపోతుంది. ఆమెను ప్రేమించిన రామాంజులు వద్దన్నాడు. ఫోటోలు తీసే రామాంజులు పన్నెండోది పంపేశాడు, కనీసం ముఖం తెల్లగా చేసే ఫిల్టర్ కూడా వేయకుండా. ఆమె ఇంత బాగుంటుందన్న సంగతి దాచిపెట్టడానికి అతనికి చేతులు రాలేదు. అంతే. ఆ తర్వాత రెండు రోజులు అన్నం సహించలేదు.

మూడో రోజు ఆదినారాయణ మళ్ళీ వచ్చాడు. వెంట కుసుమ. తండ్రి ముఖం చూస్తే మీసం ఇంకో రెండంగుళాలు పెరిగినట్టుంది. ఫోను తీసి బల్ల మీద పెట్టి వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ వినిపించాడు. పెళ్ళికొడుకు తల్లి వెంకటమ్మ గొంతు.

"ఆదినారాయణన్నా, పిల్ల శానా బాగుండాది. మావోడు ఫోను కింద పెట్టడంల్యా. అయితే ఒక మాట. ఇది మావోనికి ఇరవై మూడో ఫోటో. మిగతా ఆడపిల్లలందరూ కెమెరాను సూస్తాండారు. నీ కూతురు కెమెరాను సూడ్ల్యా. దాని ఎనకాల ఉండే మనిషిని సూస్తాంది. ఆయప్ప ఎవురో ముందు కనుక్కోన్నా."



"ఎవురు ఆయప్ప?" అన్నాడు ఆదినారాయణ.

"నేనే మామా."

"మామా అనొద్దు! ఇన్నాళ్ళూ మామా మామా అంటాంటే మర్యాద అనుకుంటి కదరా!"

"మొదట్లో మర్యాదే మామా."

కుసుమ తల వంచుకుని పెదవి కొరుక్కుంది. అది ఏడుపు కాదు.

"అది నిన్ను సూసింది సరే," అన్నాడు తండ్రి. "నీ సంగతేంది?"

ఇక పారిపోవడానికి సందు లేదు. మూడు నెలల మాటలు ఒక్కసారిగా బయటపడ్డాయి. "నాకు బోర్లు ల్యావు. మాది వల్లూరు, మా నాయనా గొర్లు మేపేవాడే. కుసుమ లేకుంటే నాకు ఏం తీసినా బాగుండదు, ఏం తిన్నా బాగుండదు. ఆ పొద్దు గొడుగు కెమెరాకు పట్టినానే, అప్పట్నుంచి నన్ను నేనే తిట్టుకుంటాండా. నాకు కుసుమ కావాల. ఇంతే."

"మొన్న ఈ నోరు యాడ పెట్టుకోనుంటివి?" అంది కుసుమ.

ఆదినారాయణ కరగలేదు. "నోటి మాటలు ఓట్లప్పుడు శానా విన్యాం. కూర్చో ఆ స్టూలు మీద." బల్ల మీది కెమెరా అందుకున్నాడు. "యాడ నొక్కల్ల దీన్ని? కుసుమా, వచ్చి నా ఎనకాల నిలబడు."

కుసుమ వచ్చి తండ్రి భుజం వెనక నిలబడింది. రామాంజులు పుట్టి బుద్ధెరిగాక ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నవ్వాలో మానాలో తెలియలేదు. తండ్రి భుజం మీదుగా కుసుమ కనిపించింది. మిగతావేవీ గుర్తు లేవు.

క్లిక్.

ఆదినారాయణ చాలాసేపు ఆ ఫోటో చూశాడు. కెమెరాను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"తలకాయ సగం తెగింది," అన్నాడు చివరికి. "కండ్లు మాత్రం బాగా పడినాయి."

కెమెరా కూతురి చేతికిచ్చి, కండువాతో ముఖం తుడుచుకుని బయటికి నడిచాడు. గడప దగ్గర ఆగాడు.

"దాన్ని పులివెందులకు పంపు. ఎవురని అడిగింది గదా ఆయమ్మ."

రామాంజులు స్టూలు దిగేలోపే కుసుమ పంపేసింది.