కొలతల పుస్తకంలో రెండో గడి

ఆ ఉదయం కూడా ఆమె లేస్తూనే గుమ్మం దగ్గర కూతురి చెప్పులున్నాయా లేదా అని చూసింది. ఉన్నాయి. అంటే పిల్ల ఇంట్లోనే ఉంది. వారం రోజులుగా ఆమెకు తెల్లవారడమంటే ఆ చెప్పుల జత కంటబడటమే.

ముందుగదే ఆమె కుట్టు దుకాణం. కిటికీ పక్కన తొక్కుడు మిషను, గోడకు ఆనించి కత్తిరింపు బల్ల, బల్ల మీద ఖాకీ దొంతర. యుద్ధం మళ్ళీ మొదలైనప్పటి నుంచి పూల గుడ్డ తెచ్చేవాళ్ళే లేరు. సర్కారు ఇచ్చే దుస్తులు ఎవరి ఒంటికీ సరిగ్గా అతకవు. ఈ వీధి నుంచి ఎవరు సైన్యానికి వెళ్ళినా ముందు ఇక్కడికొచ్చి సరిచేయించుకోవడం ఆమె అత్తగారి అత్తగారి కాలం నుంచీ ఉంది.

"టీలో చక్కెర వేశావా కోడలా, దూరం నుంచి చూపించి తెచ్చావా?" అన్నాడు మామగారు. ఆయన ఎడమ చేతి చొక్కా మడిచి పిన్నీసు పెట్టి ఉంది. పాత యుద్ధంలో పోయిన చెయ్యి అది.

"చక్కెర దొరకడమే గగనంగా ఉంది మామయ్యా."

"చెప్పుల కాపలా అయిందా ఇవాళ్టికి?"

"మీకేం, నవ్వుతారు."

"ఏడ్చే డ్యూటీ ఇరవైనాలుగ్గంటలూ నువ్వే చేస్తున్నావు కదమ్మా. మిగిలింది నవ్వడమే!"

ఆమె మిషను ముందు కూర్చుంది. బాబిన్ల సొరుగు మీద అప్రయత్నంగా చెయ్యి వేసి, అది మూసే ఉందని చూసుకుని, అప్పుడు తొక్కడం మొదలుపెట్టింది.

కాసేపటికి పోస్టుమాను వచ్చాడు. ఎప్పుడూ కిటికీలోంచి ఉత్తరం విసిరి పోయే మనిషి, ఇవాళ చంకలో ఖాకీ మూటతో లోపలికే వచ్చాడు.

"మావాడికీ పిలుపొచ్చిందమ్మా. రేపు రాత్రే ప్రయాణం. భుజాలు వేలాడుతున్నాయి, కాస్త చూడు. మీ అమ్మాయిదీ అదే బండి అనుకుంటా. పోయిన వారం ఆ రిజిస్టరు కవరు నీ చేతికే ఇచ్చాను కదా?"

మిషను ఆగింది. దారం పుటుక్కున తెగింది.

లోపలి గుమ్మంలో తల దువ్వుకుంటున్న కూతురి చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. ఈ పిల్ల నర్సు. చిన్నప్పుడు పుల్లలా ఉండి, ఊరుకోకుండా ప్రశ్నలతో పొడిచేదని తాత పెట్టిన పేరు సూది. వీధిలో అందరూ అలాగే పిలుస్తారు.

"ఏ కవరమ్మా?"

పోస్టుమాను ఆ ఇద్దరి మొహాలూ చూశాడు. ఎన్నో ఇళ్ళకు చావు కబుర్లు అందించిన మనిషే, కానీ ఏ గుమ్మం నుంచీ అంత తొందరగా దిగలేదు. "సాయంత్రం వస్తానమ్మా," అని మూట అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

"ఏ కవరూ లేదు. ఆయనకు మతి తప్పింది," అంది తల్లి.

సూది దువ్వెన పక్కన పడేసింది. వచ్చి బాబిన్ల సొరుగు లాగింది. "చిన్నప్పుడు నా పిప్పరమెంటు బిళ్ళలు దాచిందీ ఇందులోనే," అంటూ, దారపుండల అడుగు నుంచి నాలుగు మడతల కాగితం తీసింది. యుద్ధభూమి ఆసుపత్రిలో ఎల్లుండి ఉదయానికల్లా చేరాలి. చేరకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి ఇస్తారు.

"చింపేద్దామనుకున్నానే. చేతులు రాలేదు. రెండు రోజులు గడిస్తే వాళ్ళే ఇంకెవర్నైనా చూసుకునేవాళ్ళు."

"ఇంకెవరో అంటే ఇంకో తల్లి కూతురే కదమ్మా?"

"అవును! ఇంకో తల్లే ఏడవనీ! నా వంతు అయిపోయింది!"

ఆ మాట అన్నాక ఆమెకే ఒళ్ళు జలదరించింది. అయినా నోరు ఆగలేదు. మామగారి మీదికి తిరిగింది.

"అంతా మీ వల్లే. యుద్ధమంటే సర్కసులా చెప్పారు. వంటవాడు టోపీలో పిండి కలిపాడట, గాడిద సెల్యూట్ చేసిందట! మీ అబ్బాయి ఆ కథలు వినే పెరిగాడు, పోయాడు. ఇప్పుడు దీనికీ నూరిపోశారు!"

ముసలాయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"తాతయ్యను అనకు. ఆయన కథలు కాదు, నీ పుస్తకం," అంది సూది.

బల్ల కింద నుంచి కొలతల పుస్తకం తీసి తల్లి ముందు పెట్టింది. నల్ల అట్ట, నాలుగుసార్లు కుట్టిన వీపు. పేరుకు రెండు గళ్ళు. వెళ్ళేటప్పటి కొలత ఒకటి. తిరిగొచ్చి ఇంటి బట్టలు కుట్టించుకునేటప్పటి కొలత రెండోది.

"చిన్నప్పుడు నాకు అంకెలు నేర్పింది దీంతోనే కదా నువ్వు. చదువు. ముత్తాత ఛాతీ వెళ్ళేటప్పుడు ముప్ఫై ఎనిమిది, వచ్చాక ముప్ఫై ఒకటి. ఇదిగో ఈ పేజీలో అంతా ఆడవాళ్ళే. ఏ ఒక్కరూ వీధి దాటలేదు, అయినా ఏడాదిలో అందరి నడుమూ నాలుగేసి అంగుళాలు తగ్గింది. వీళ్ళు యుద్ధానికి వెళ్ళలేదమ్మా, యుద్ధమే వీళ్ళ వంటింట్లోకి వచ్చింది. ఇది తాతయ్య. కుడి చెయ్యి ఇరవై మూడు, ఎడమ చేతికి గీత. పదేళ్ళప్పుడు ఆ గీత ఏంటని అడిగాను."

"చెప్పకు," అన్నాడు ముసలాయన.

"నువ్వే చెప్పు తాతయ్యా. అమ్మ ఇప్పటికీ బాంబు పడిందనుకుంటోంది."

ఆయన ఖాళీ చొక్కా చేతిని నిమురుకున్నాడు.

"బాంబేం కాదు కోడలా. ఇనప ముక్క, గోరంత. కడిగి కట్టు కడితే పది రోజుల్లో మానేది. నాలుగు రోజులు ఎవరూ రాలేదు. ముగ్గురం ఒకే గోతిలో పడున్నాం. ఒకడు మూడో రోజు దాకా వాళ్ళమ్మను పిలిచాడు. తర్వాత పిలవలేదు. ఇంటికొచ్చాక అందరూ అడిగేవాళ్ళు. వాడి తల్లీ అడిగింది. ఏం చెప్పను? గాడిద కథ చెప్పాను. ఇక అదే చెబుతూ ఉండిపోయాను. నా కొడుక్కి కూడా అదే చెప్పాను. అది నా తప్పే తల్లీ."

ఎప్పుడూ నవ్వించే నోరు వణకడం ఆమె మొదటిసారి చూసింది.

సూది తరవాతి పేజీ తిప్పింది. తండ్రి పేరు. మొదటి గడిలో తల్లి గుండ్రటి అంకెలు. రెండో గడిలో ఏమీ లేదు, పద్దెనిమిదేళ్ళుగా ఒకే వేలు నిమిరిన చోట కాగితం పలచబడి అవతలి అక్షరాలు కనిపిస్తున్నాయి.

"నాన్న దగ్గర కూడా ఎవరైనా ఉండుంటే..."

"వద్దే!" తల్లి చప్పున కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి అలాగే ఉంచి, పిల్ల భుజం మీదే తల వాల్చి ఏడ్చింది. గుండె రాయి చేసుకోవడం అంటారు. రాయికైనా ఒకటే దెబ్బ కదా, ఇది రోజూ పగిలే రాయి.

మధ్యాహ్నం దాకా ఎవరూ అన్నం ముట్టలేదు. మిషనూ కదల్లేదు. మూడింటికి ఆమె లేచి మొహం కడుక్కుని, మెడలో టేపు వేసుకుంది.

"ఇలా రా. నిటారుగా నిలబడు."

మామగారు లేచి వచ్చి, ఉన్న ఒక్క చేత్తో టేపు చివర పట్టుకున్నాడు. భుజం పద్నాలుగు. ఛాతీ ముప్ఫై రెండు. కుడి చెయ్యి ఇరవై ఒకటి. ఎడమ చెయ్యి దగ్గర ఆమె మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ ఇరవై ఒకటే.

"ఊపిరి పీల్చి వదులు. తిండి సరిగ్గా తినకుండా చీపురుపుల్లవు అయ్యావు. వాళ్ళు ఏం పెడతారో ఏమో. అక్కడ నీళ్ళు కాచి తాగు. కటిక నేల మీద పడుకోకు."

"అమ్మా, నేను నర్సును."

"నర్సువైతే జలుబు చెయ్యదా?"

మొదటి గడి నిండింది. ఆమె కలం మూయలేదు. రెండో గడిలో అవే అంకెలు మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. పద్నాలుగు. ముప్ఫై రెండు. ఇరవై ఒకటి. ఇరవై ఒకటి.

ముసలాయన కంగారుపడ్డాడు. "అదేంటమ్మా! వచ్చాక కదా రాసేది? నాలుగు తరాల్లో ఎవరూ..."

"ఇవే కొలతలతో రావాలి," అంది ఆమె కూతురి మొహంలోకి చూస్తూ. "అర అంగుళం తగ్గినా ఊరుకోను. చేతులు రెండూ లెక్క చూసుకుంటాను."

సూది నవ్వబోయింది. నవ్వు సగంలో తడిసిపోయింది. ఆ తడి కళ్ళతోనే తల్లి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టును కూడా కొలిచి రాసుకునే వీలుంటే బాగుండుననిపించింది తల్లికి. ముందే రాయడం అపశకునమేమో అనీ అనిపించింది. కానీ కొట్టెయ్యలేదు.

సాయంత్రం పోస్టుమాను తన కొడుకు పాత చొక్కా ఒకటి కొలతకు పట్టుకొచ్చాడు. "వాడు స్నేహితులతో ఉన్నాడమ్మా, రమ్మంటే రాలేదు. దీని ప్రకారం చేసెయ్యి." అంటూ తెరిచి ఉన్న పుస్తకం వైపు చూశాడు. ఆయనకు ఆ గళ్ళ సంగతి తెలుసు. వీధిలో తెలియని వాళ్ళు లేరు. సూది పేరు పక్కన రెండూ నిండి ఉండటం చూసి చొక్కా బల్ల మీద పెట్టాడు.

"మావాడికీ రెండు గళ్ళూ నింపెయ్యమ్మా."

ఇంకో తల్లే ఏడవనీ. పొద్దున తను అన్న మాట ఆమె చెవిలో గింగురుమంది. మొదటి గడి పూర్తి చేసి ఆగింది.

"రెండోది నేను రాయకూడదు, అన్నా. వాళ్ళమ్మ రాయాలి. తీసుకురా."

"దానికి రాయడం రాదమ్మా."

"ఏం ఫరవాలేదు," అంటూ ఆమె పక్కకు జరిగి, బల్ల ముందు ఇంకో స్టూలు వేసింది. "చెయ్యి పట్టుకుని నేను రాయిస్తాను."