ముప్పై సెకన్ల నిశ్శబ్దం

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నాకేం కోపం లేదు. మధ్యలో మాత్రం “అబ్బే, అలా ఎక్కడైనా జరుగుతుందా?” అని అడ్డుపడకండి. నలభై ఏళ్ళు చెవులతో బతికినవాణ్ణి. పదివేల మంది కూర్చున్న సభలో ఒక దోమ ఎగిరితే, అది ఎన్నో వరుసలో ఎవరి చెవి దగ్గర ఎగురుతోందో వేలు పెట్టి చూపించినవాణ్ణి. పెళ్ళి వీడియోలు, సభలు, సన్మానాలు ఎన్ని తీశానో లెక్క లేదు. బొమ్మ ఎవడైనా తీస్తాడు. మాట పట్టేవాడు కావాలి. ఊరంతా నన్ను “సౌండుగారు” అని పిలిచేది ఊరికే కాదు.

అలాంటి నేను ఒక్క పని చెడగొట్టాను. పట్టపగలు, మూడు గంటలవేళ, ఎండ ఫెళఫెళలాడుతుండగా.

ఒక లెక్కల మాస్టారు కబురు పెట్టారు. మర్నాడు పొద్దున ఆయన గొంతుకి ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారట. ఆ తర్వాత మనిషి ఉంటాడు, మాట ఉండదు. ఈలోగా ఆయన మాట్లాడుతుంటే వీడియో తీసిపెట్టాలి. మూడో అంతస్తులో రెండు గదుల వాటా. తలుపు తీసింది ఆయన భార్య. గోడ తడుముకోకుండా చకచకా నడిచింది కాబట్టి నాకు వెంటనే తెలియలేదు. ఆవిడకి చూపు పోయి పదేళ్ళయిందట.

“అన్నయ్యగారూ, బొమ్మ ఎలా వచ్చినా ఫరవాలేదు. నాకు గొంతు కావాలి,” అంది. “రేపటినుంచి ఈయన ఇంట్లో ఉన్నారో, బయటికి వెళ్ళారో నాకెలా తెలుస్తుంది చెప్పండి?”

“గురక ఉంటుందిలేవోయ్,” అన్నారు మాస్టారు. గొంతు అప్పటికే గరగరలాడుతోంది. రంపంతో తడికర్ర కోస్తున్నట్టుంది. “అది మాత్రం ఏ డాక్టరూ తీయలేడు.”

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

“అమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి,” అన్నాను. “ఒకసారి హోరుగాలిలో, పడవ మీద, ముసలాయన గొణిగిన మాట పట్టాను. మీ ఆయన పక్కనే కూర్చుని మాట్లాడినట్టు తీసిపెడతాను.”

పని మొదలెట్టాను. ఫ్యాను ఆపించాను. ఫ్రిజ్ తీగ పీకాను. గోడగడియారాన్ని దింపి పక్కగదిలో దిండు కింద పెట్టాను. కిటికీలు మూశాను. గదిలో మందుల వాసన, పాత పుస్తకాల వాసన కలిసిపోయి ఉక్క పోస్తోంది. చొక్కాకి తగిలించే చిన్న మైకు మాస్టారి గడ్డానికి జానెడు కింద పెట్టాను. కెమెరా తెరమీద ఒక మూల రెండు గీతలుంటాయి. మాట వస్తే అవి లేస్తాయి. లేచి సున్నా తాకాయా, మాట పగిలిపోతుంది. మరీ కిందుంటే వట్టి బుస్సుమనే చప్పుడే మిగులుతుంది. మైనస్ పన్నెండు దగ్గర ఆడుతుండాలి. అదీ లెక్క.

ఇంకో ఆనవాయితీ ఉంది మాకు. మాట మొదలెట్టేముందు అందరినీ ఊపిరి బిగబట్టమని, వట్టి గదిని ముప్పై సెకన్లు రికార్డు చేస్తాం. ఏ గది నిశ్శబ్దం ఆ గదిది. తర్వాత మాటల మధ్య అతుకులు కనబడకుండా అది పనికొస్తుంది.

సరిగ్గా అక్కడే నా నోరు నన్ను ముంచింది. పడవ కథ తర్వాత దోమ కథ ఎత్తుకున్నాను. ఆ ఊపులో కెమెరాని ఆటోలో వదిలేశాను. ఆటో అంటే లెవెలు కెమెరానే చూసుకుంటుంది. పెద్ద చప్పుడొస్తే తగ్గిస్తుంది, చిన్నదైతే పెంచుతుంది. ఏమీ వినపడకపోతే? పెంచుతూనే పోతుంది. ఏదో ఒకటి దొరికేదాకా వెతుకుతుంది. అందుకే నిశ్శబ్దాన్ని ఆటోలో పెట్టకూడదు. ఈ ముక్క నేను వందమందికి నేర్పాను.

“ముప్పై సెకన్లు. ఎవ్వరూ కదలొద్దు,” అన్నాను.

నిశ్శబ్దం.

గీతలు అడుగున పడున్నాయి. కాసేపటికి మెల్లగా లేచాయి. హెడ్‌ఫోన్‌లో ముందు ఇసుక జారుతున్నట్టు వినిపించింది. ఆ ఇసుక వెనక ఇంకేదో ఉంది. చాలా దూరంలో ఉన్నట్టుంది. దగ్గరికొస్తోంది...

గీతలు మైనస్ పన్నెండు చేరాయి. అక్కడే ఆడుతున్నాయి. మాట్లాడుతుంటే ఎలా ఆడతాయో, అచ్చం అలా.

ముగ్గురం నోళ్ళు మూసుకునే ఉన్నాం.

“ఏవండీ,” ఆవిడ గుసగుసగా అడిగింది. “ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదోయ్.”

“వచ్చారు. ఊపిరి వినపడుతోంది. మీ ఇద్దరిదీ కాదు.”

నేను పెద్దగా నవ్వేశాను. నలభై ఏళ్ళ అనుభవం కదా. ఆటో తీసేసి చేతి లెవెలుకి మార్చాను. “కానివ్వండి మాస్టారూ!” అన్నాను.

ఆయన మాట్లాడడం మొదలెట్టారు. పెదవులు కదులుతున్నాయి. గదిలో మాట వినపడుతోంది. కెమెరాలో గీతలు మాత్రం కిందికి దిగిపోతున్నాయి. లెవెలు పెంచాను. ఇంకా దిగాయి. గదిలో ఏదో పెద్ద చప్పుడు అవుతుంటే, దానికి జడిసి మాట అణిగిపోయినట్టుంది. కానీ చప్పుడేదీ? ఆయన ఆగగానే గీతలు మళ్ళీ లేచి మైనస్ పన్నెండు దగ్గర నిలబడుతున్నాయి.

లెవెలు పూర్తిగా తగ్గించేశాను. గీతలు ఆడుతూనే ఉన్నాయి.

మైకు తీగ పీకేశాను. తీగ నా చేతిలో ఉంది...

గీతలు ఆడుతూనే ఉన్నాయి.

తీగ మళ్ళీ గుచ్చి, లెవెలు సరిచేశాను. “మళ్ళీ చెప్పండి మాస్టారూ. కాస్త గట్టిగా.”

పాపం, చెప్పారు. రెండోసారి చెప్పారు. మూడోసారికి దగ్గొచ్చింది. ఉన్న గొంతుని పొదుపుగా వాడుకోమని డాక్టరు ముందే చెప్పారట. నాలుగోసారికి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన నా వైపు చూసి గొంతు మీద చెయ్యి వేసుకుని తల అడ్డంగా ఊపారు. అయిపోయింది. మర్నాడు పొద్దున డాక్టరు తీసేయాల్సింది, ఆ మధ్యాహ్నమే నేను ఖాళీ చేయించేశాను.

“వచ్చిందా అన్నయ్యగారూ? వినిపించండి,” అంది ఆవిడ.

రికార్డింగుని వెనక్కి తిప్పి పెట్టాను. నాలుగుసార్లు తీసినదాంట్లోనూ ఆయన నోరు కదులుతోంది. మాట లేదు. బుస్సుమనే చప్పుడు కూడా లేదు. మరి ముప్పై సెకన్ల ముక్కలో... ఆయన నోరు మూసుకుని కూర్చున్నారు. మాట ఉంది.

“ఏమోయ్... భయపడకు. నేనెక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉంటాను.”

గరగర లేదు. కంచులాంటి గొంతు. నేను నా జన్మలో పట్టిన గొంతులన్నింటిలోకీ అంత శుభ్రమైనది లేదు. లెవెలు ఒక్క గీత అటూ ఇటూ కాలేదు.

ఆవిడ రెండు చేతులూ జోడించింది. “ఇదే! మా పెళ్ళయిన కొత్తలో ఈయన గొంతు ఇదే! ఎంత బాగా పట్టారన్నయ్యా!”

మాస్టారు నావైపు చూస్తూ తల ఊపుతున్నారు. కాదు... కాదు... కాదు. ఆవిడకి కనపడదు. చెప్పాల్సింది నేను.

“నా చెయ్యి పడితే అంతేనమ్మా,” అన్నాను.

అవును, అన్నాను. నలభై ఏళ్ళలో తొలిసారి ఓడిపోయి, ఆ మాట ఒప్పుకోలేక అన్నాను. ఆ తర్వాత ఆయన కళ్ళలోకి చూడలేదు.

నెల తిరిగాక మనసు ఆగక మళ్ళీ వెళ్ళాను. ఆవిడే తలుపు తీసింది. ముఖం వెలిగిపోతోంది.

“రండి అన్నయ్యా. డాక్టర్లవన్నీ ఉత్త బెదిరింపులే. ఈయన శుభ్రంగా మాట్లాడుతూనే ఉన్నారు. రాత్రీ పగలూ కబుర్లే.”

మాస్టారు మంచం మీద కూర్చున్నారు. మెడలో రంధ్రం, దాని మీద గుడ్డ. సగమైపోయారు. నన్ను చూడగానే పలక తీసి గబగబా రాశారు. “అది నేను కాదు.” చెరిపి మళ్ళీ రాశారు. “మా ఆవిడ అరచేతిలో రాశాను. మాట్లాడుతూనే ఉన్నారుగా, మళ్ళీ ఈ రాతలెందుకని నవ్వుతోంది. మీరు చెప్పండి.”

“అమ్మా,” అన్నాను.

“ఏమోయ్,” వంటగదిలోంచి ఆ కంచు గొంతు వినిపించింది. “సౌండుగారొచ్చారు. మంచినీళ్ళివ్వు.”

వంటగదిలో ఎవరూ లేరు. అక్కణ్ణుంచి నాకు కనపడుతోంది. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. చల్లగా ఉంది.

“అమ్మా! అది ఆయన కాదు!” అని అరిచాను. గుండెలు పగిలేలా అరిచాను. నా అరుపు నాకే పక్కింట్లోంచి వచ్చినట్టుంది. ఇంకోసారి అరిచాను. ఇంకా దూరంగా వినిపించింది. మూడోసారి పెదవులు కదిలాయి, అంతే. ఆవిడ తల ఒక పక్కకి వంచి, నవ్వుతూ, నా మాట కోసం ఎదురుచూస్తోంది.

“మాట్లాడరేం అన్నయ్యా? వెళ్ళిపోయారా?”

వెళ్ళిపోయాను. ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసుకుని, మెట్లు మూడేసి చొప్పున దిగి వీధిలో పడ్డాను. వీధిలోకి వచ్చాక గానీ నా మాట నాకు వినపడలేదు. మళ్ళీ ఆ వాటా గడప తొక్కలేదు. పదకొండు నెలలైంది. సింహాల బోనులో మైకు పెట్టి వచ్చానని చెప్పుకునేవాణ్ణి, ఆ మూడంతస్తులు ఎక్కలేకపోయాను.

ఇదంతా నా కోతల్లో ఇంకో కోత అనుకుంటున్నారు కదూ? ఆ మేడ కింద దర్జీ కొట్టు ఉంది. మొన్న బజారులో ఆ దర్జీ నన్ను ఆపి, భుజం తట్టి మరీ పలకరించాడు.

“ఏమయ్యా సౌండుగారూ, రోజూ మధ్యాహ్నం పైన ఒకటే నీ కబుర్లు! పడవ కథా, దోమ కథా నాకు కంఠతా వచ్చేశాయి. ఆవిడైతే పడీపడీ నవ్వుతోంది. ఎప్పుడు ఎక్కుతావో, ఎప్పుడు దిగుతావో ఒక్కసారీ కంటపడవేం? మాస్టారు కూడా కిందికి దిగి చాలా రోజులైంది. మాట వినిపిస్తూనే ఉందిలే, బాగానే ఉన్నట్టున్నారు.”

వెళ్ళి ఆ దర్జీనే అడగండి. అందరూ గుండీల బాబాయి అంటారు.