గోడకెక్కిన కట్టర్

"ఆ చక్రం దేశం దాటకూడదు. కానీ నువ్వు కావాలని పాడు చేశావని తెలిస్తే కొరిన్నా ప్రాణం పోతుంది," అన్నాడు చీఫ్.

విదేశీ ముఠాకు కొరిన్నా నమ్మినబంటు. నిజానికి చీఫ్ మనిషి. ముఠా కొంటున్నది క్షిపణిలో పెట్టే టైటానియం చక్రం. అలాంటి లోహపు దిమ్మ మళ్లీ దొరకడం కల్ల.

ఏజెంట్ యూగెన్‌కు ఈసారి మారువేషం అక్కర్లేకపోయింది. చక్రం తయారయ్యేది జర్మనీలో, స్వాబియా కొండల్లోని ఒక ఫ్యాక్టరీలో. కుర్రతనంలో అతను పని నేర్చుకున్నది అక్కడే, ఇప్పుడు మళ్లీ పనివాడిగా చేరాడు. నేర్పిన గోట్‌హిల్ఫ్ మేస్త్రీ ఇంకా అక్కడే ఉన్నాడు. వచ్చిన చిక్కల్లా అదే.

లోహాన్ని కోసే కంప్యూటర్ యంత్రానికి కళ్లుండవు. కొలత మొదలయ్యే సున్నా ఎక్కడో, కోసే కట్టర్ పొడవెంతో మనమే చెప్పాలి. తప్పు చెప్పినా గుడ్డిగా నమ్మి దిగుతుంది. అలా కట్టర్ విరగ్గొట్టినవాడి పేరు రాసి, ఆ ముక్కను గోడకు వేలాడదీస్తారు. వాడు అందరికీ బ్రెట్సెల్‌లు, అంటే వెన్న రాసిన మెలికల రొట్టెలు, తినిపించాలి. మేస్త్రీ శిష్యుల్లో ఒక్కడూ ఆ గోడ ఎక్కలేదు.

ఒక్క కోత మిగిలింది. బయట లారీ సిద్ధంగా ఉంది. మేస్త్రీ చక్రం మీద వేలు రాసి చూశాడు.

"చెయ్యి మరిచిపోలేదురా నువ్వు!"

ఆ మెప్పుకు యూగెన్ ప్రాణం చివుక్కుమంది. పొడవాటి కొత్త కట్టర్ బిగించి, దాని కొలత కొట్టబోయాడు. అప్పుడే ఎర్ర కోటులో కొరిన్నా, పక్కన ముఠా నాయకుడు లోపలికి వచ్చారు.

"మీ ఊళ్లో వాన ఎప్పుడు ఆగుతుందండీ?" అని కొరిన్నా అడిగింది.

కోడ్ మాట. ఇక పాడు చెయ్యమని.

"ఈస్టర్ దాకా ఆగదండీ." యూగెన్ పాత కొలతనే ఉంచేసి, పచ్చ బటన్ నొక్కాడు.

కట్టర్ పొట్టిదనుకున్న యంత్రం లోతుగా దిగిపోయింది. ఫెళ్లుమంది. చక్రం చీలింది. కట్టర్ రెండు ముక్కలైంది.

"ఈ దద్దమ్మనెవరు పనిలో పెట్టుకున్నారు?" అని నాయకుడు అరిచాడు. అతనికి అనుమానమే రాలేదు.

"గాడిద!" అని కొరిన్నా అంతకన్నా గట్టిగా అరిచింది.

మేస్త్రీ తెర మీది అంకె చూశాడు. "కట్టర్ మార్చి పొడవు మార్చలేదట్రా?"

"మరిచిపోయాను మేస్త్రీ గారూ."

"నీకు పని నేర్పింది నేనని ఎక్కడా చెప్పకు."

యూగెన్ తలెత్తలేకపోయాడు. అది నటన కాదు, నిజంగానే సిగ్గుతో చితికిపోయాడు. ఫలహారం వేళ బ్రెట్సెల్‌లు పంచాడు. వెక్కిరిస్తూనే అందరూ తిన్నారు. మేస్త్రీ ముట్టలేదు.

ముఠా వట్టి చేతులతో తిరిగి వెళ్లింది. కొరిన్నా క్షేమం. యూగెన్‌కు రహస్యంగా పతకం ఇచ్చి, వెంటనే చీఫ్ బీరువాలో పెట్టి తాళం వేశారు. విరిగిన కట్టర్‌కు మాత్రం తాళం లేదు. మేస్త్రీ రోజూ కోటు తగిలించే మేకు పక్కనే, యూగెన్ పేరుతో వేలాడుతోంది.