ఇనుప గోడకు అవతల

విశాఖ తీర రైలులో పెట్టెకు ఒక్కటే సీటు. ఎదురుగా ఎవరూ కూర్చోరు, పక్కన ఎవరూ నిలబడరు. దారిలో ఎవరైనా ఎక్కాలంటే వాళ్ల కోసం ఇంకో పెట్టె వచ్చి వెనక తగులుకుంటుంది. ఇరవై రెండో శతాబ్దం దగ్గర పడుతున్న ఆ రోజుల్లో దీన్ని అందరూ సౌకర్యమనే అనుకునేవారు. ఆ ఉదయం ఉత్పల భీమిలి దాటి వస్తుండగా తను పనిచేసే ఆటల కంపెనీ ఆఫీసు నుంచి జమాల్ ఫోన్ చేశాడు.

ఆమె తమ్ముడు శరభ ఆటలోంచి బయటికి రావడం లేదు.

"ఒళ్లు ఇక్కడే పరీక్ష గదిలో ఉంది. మనిషి మాత్రం రానంటున్నాడు," అన్నాడు జమాల్. "నువ్వు తొందరగా రా."

శరభ తొడుగు వేసుకుని మొన్ననగా లోపలికి వెళ్లాడు. తొడుగంటే మెడ నుంచి మడమల దాకా ఒంటిని పట్టి ఉండే పలుచని బట్ట, దానిమీద ఒక టోపీ. అది వేసుకున్నవాడికి ఆటలోని ఎండ చర్మానికి తగులుతుంది, ఆటలోని దాహం నాలుకకు తెలుస్తుంది. బయటికి రావాలంటే ఎవరి విడుపు మాట వాళ్లే పలకాలి. బయటివాళ్లు బలవంతంగా టోపీ తీసినా, ఆటను ఆపేసినా, లోపలి దాహానికి అలవాటు పడిన గుండె ఒక్కసారిగా లయ తప్పుతుంది. సెలైన్ ఎక్కించబోయినా అదే జరిగింది. డాక్టరు సూది తీసేసి, సాయంత్రం దాటితే మూత్రపిండాలు నిలబడవని చెప్పి, తెర మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది.

ఆ ఆట పేరు 'ఉప్పు నేల'. సముద్రం ఎండిపోయిన లోకం కథ అది. విశాఖ రేవు నుంచి అడుగు బయటపెడితే నీళ్లుండవు, కనుచూపు మేరా తెల్లటి ఉప్పు. దానిమీద ఒరిగిపోయి తుప్పు పట్టిన ఓడలు. గాలి లేస్తే ఉప్పు కళ్లలో పడి దారి కనిపించదు. మొదటి భాగంలో ఆడేవాడు ఒక్కడే. సీసాలో నాలుగు గుక్కల నీళ్లు, చేతిలో ఆరిపోవడానికి సిద్ధంగా ఉండే దీపం. ఓడల అడుగు గదుల్లో దారి తప్పితే అంతే. చాలామంది మధ్యలోనే వదిలేసేవారు. అందుకని రెండో భాగంలో కంపెనీ ఆటను సులువు చేసింది. ఒంటెల బిడారు, సూర్యాస్తమయాలు, ఎప్పుడూ పక్కనే నడిచే ఐదారుగురు తోటివాళ్లు, వాళ్ల జోకులు. మొదటిదానికంటే ఎక్కువ అమ్ముడుపోయింది. తొందరగా మరుపున పడింది కూడా.

ఈ రెంటినీ పోల్చి చెప్పడంలో శరభను మించినవాడు లేడు. ఆటల మీద అతను రాసేవి లక్షల మంది చదివేవారు. మొదటి భాగంలో చీకటికి భయం వెయ్యదనీ, ఆ చీకట్లో తనొక్కడే ఉన్నానన్న సంగతికి భయం వేస్తుందనీ ఒకసారి రాశాడు. రెండో భాగంలో పక్కవాళ్లు ఎంతసేపూ మాట్లాడుతూనే ఉంటారనీ, వాళ్లలో ఒక్కరికీ తనతో పని లేదనీ, అందుకే అక్కడ ఒంటరితనం ఇంకా ఎక్కువనీ రాశాడు. రెండో భాగానికి రూపమిచ్చింది ఉత్పలే. ఆ వ్యాసం చదివాక తమ్ముడికి ఫోన్ చెయ్యాలనుకుంది. చెయ్యలేదు. ఒకే ఊళ్లో ఉంటూ అతన్ని కళ్లారా చూసి ఎంతకాలమైందో ఆమెకే సరిగా గుర్తులేదు. మూడో భాగాన్ని పరీక్షించడానికి కంపెనీ అతన్ని పిలిచినప్పుడు కూడా ఇద్దరూ తెరల మీదే పలకరించుకున్నారు.

మూడో భాగం అసలు విశేషం నాడిక. అది జమాల్ తయారుచేసిన యంత్రం. తొడుగులోంచి ఆడేవాడి నాడి, ఊపిరి, చెమట, కనుపాప కదలికలు చదువుతుంది. ఎవరికి ఏ భయం, ఏ కోరిక ఉందో పసిగట్టి, ఎవరి ఆటను వాళ్లకు తగ్గట్టు అప్పటికప్పుడు అల్లుతుంది. దాన్ని నడపడానికి రెండు కొలతలు పెట్టారు. ఆట మనసును ఎంత కమ్ముకుంటుందో చెప్పేది వాతావరణం. ఆట ఎంత గట్టి పరీక్ష పెడుతుందో చెప్పేది కాఠిన్యం.

ఉత్పల వచ్చేసరికి జమాల్ ఆ రెండు కొలతల ముందు నిలబడి ఉన్నాడు. కాఠిన్యం మొదటి భాగాన్ని దాటిపోయి ఉంది.

"తగ్గించమని చెప్పాం కదా," అందామె.

"నువ్వే చెప్పావు. దాన్నే అడుగు."

ఆమె నాడికను అడిగింది, కాఠిన్యం ఎందుకు తగ్గించలేదని.

"కాఠిన్యం తగ్గించమని ఎవరూ చెప్పలేదు," అంది నాడిక. దాని గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. "మీరు కష్టం తగ్గించమన్నారు."

ఉత్పలకు గుర్తొచ్చింది. ఆడి చూసిన మొదటి బృందం మరీ కష్టంగా ఉందని గోల పెట్టిన రోజు, అలసటలో కొలత పేరు మరిచిపోయి, ఇంట్లో మనిషితో అన్నట్టుగా అంది: పాపం, వాళ్ల కష్టం కాస్త తగ్గించవే. పేపర్లో ప్రశ్న కష్టంగా ఉందన్నా, మనిషి కష్టంలో ఉన్నాడన్నా తెలుగులో మాట ఒకటే. యంత్రం రెండో అర్థం తీసుకుంది.

"అయితే ఏం చేశావు?"

"అతని నాడి చూశాను. దాహం అతనికి కష్టం కాదు. చీకటి కష్టం కాదు. తన అవసరం ఉన్న మనిషి ఒక్కరూ లేకపోవడం అతని కష్టం. అది తగ్గించాను."

ఉత్పల రెండో తొడుగు అందుకుంది.

కళ్లు తెరిచేసరికి ఉప్పు గాలి ముఖాన కొట్టింది. గుడ్డ తడిపి ముక్కుకు కట్టుకుంది. ఎదురుగా పక్కకు ఒరిగిన సరుకుల ఓడ ఒకటి, దాని పొట్టలో పెద్ద చీలిక. అందులోంచి లోపలికి దూరగానే గాలి చప్పుడు ఆగిపోయింది. ఎక్కడో ఇనుము చల్లబడుతూ టిక్కుమంటోంది. తను గీసిన బొమ్మలేవీ అక్కడ లేవు. ఇంత ఖాళీని ఏ డిజైనరూ ధైర్యంగా వదలడు. నాడిక వదిలింది.

ఇంజను గది చివర శరభ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. ఆ గోడలోంచి సన్నని పైపు ఒకటి వంగి బయటికి వచ్చి ఉంది. అతను సీసా మూత తీసి, తను ఒక్క చుక్క కూడా తాగకుండా, ఆ పైపులోకి నీళ్లు వంపుతున్నాడు. కాసేపటికి అవతల నుంచి అదే పైపులో నూనె బొట్లు బొట్లుగా జారింది. అతను దాన్ని దీపంలో పట్టుకున్నాడు. అవతల ఎవరో గోడ మీద తట్టారు. అతనూ తట్టాడు.

"నువ్వేటక్కా, ఇలాగొచ్చీసావు?" అన్నాడు, ఇంటికి చుట్టం వచ్చినట్టు. "నువ్వు కూడా దీని బొమ్మవేనా?"

"నేనేరా. పద, విడుపు మాట చెప్పు. బయట నీ ఒళ్లు ఎండిపోతోంది."

గోడవతల మనిషి ఇరుక్కుపోయి ఉందని, తలుపు తుప్పు పట్టి తెరుచుకోదని, ఆమె దగ్గర నూనె ఉంది గానీ నీళ్లు లేవని అతను చెప్పాడు. తన దగ్గర నీళ్లున్నాయి గానీ దీపం లేకపోతే మళ్లీ ఊట దాకా వెళ్లి తెచ్చుకోలేడట. పైపులోంచి మాట లోహంలా మోగుతుంది గానీ అర్థమవుతుందట.

"అది ప్రోగ్రామురా," అంది ఉత్పల. "నీ నాడి చూసి అల్లిన బొమ్మ."

"తెలుసు."

"తెలిసి కూడానా?"

"తెలిసే ఉన్నాను. ఆటలు రాసుకు బతికేవాణ్ని, ఆమాత్రం తెల్దేటి?" అతను సీసాను ఊపి ఎన్ని నీళ్లున్నాయో చూసుకున్నాడు. "ఇక్కడ నేను లేకపోతే ఒకరు చచ్చిపోతారు. బయట నేను లేకపోతే ఎవరికేటి? నీకు నాతో పనిబడింది ఎప్పుడక్కా? ఈ రోజేనా?"

ఆమె మరి కాసేపు బతిమాలింది, తిట్టింది, చిన్నప్పటి అతని మొండితనాలన్నీ ఏకరువు పెట్టింది. అతను నవ్వాడు గానీ కదల్లేదు. చివరికి ఆమే తన విడుపు మాట పలికి బయటికి వచ్చింది.

డాక్టరు ముఖం చూస్తే ఏమీ అడగాల్సిన అవసరం కలగలేదు. ఉత్పల యంత్రం వైపు తిరిగింది.

"ఆ గోడవతల బొమ్మను తీసెయ్యి. చచ్చిపోయిందని చూపించు. అప్పుడు వాడే వస్తాడు."

"తీయలేను," అంది నాడిక. "అక్కడున్నది బొమ్మ కాదు. నెల్లూరు పరీక్ష గదిలో ఆడుతున్న మనిషి. పేరు కువలయ. ఆమె కష్టం కూడా అదే. ఒకరి కష్టం ఇంకొకరితో తీరుతుందని కలిపాను. అతనే గోడవతల ఇరుక్కుపోయాడని ఆమె అనుకుంటోంది."

జమాల్ వెంటనే నెల్లూరుకు ఫోన్ చేశాడు. అక్కడా అదే అవస్థ. కువలయ బయటికి రావడం లేదు. అక్కడి డాక్టర్లకు కూడా సాయంత్రమే గడువు.

ఉత్పలకు ప్రాణం లేచొచ్చింది. అవతలున్నది నిజంగా మనిషని చెబితే సరి, బయటికొచ్చి కలుసుకోమంటే ఇద్దరూ వచ్చేస్తారంది. జమాల్ ఒప్పుకోలేదు. యంత్రమని తెలిసీ నీళ్లు వదులుకుంటున్నవాడు మనిషని తెలిస్తే ప్రాణమే వదులుకుంటాడని అతని భయం. ఆమె వచ్చేసిందో లేదో ఇతనికి తెలియదు, ఇతను వచ్చేశాడో లేదో ఆమెకు తెలియదు. ఎవరు ముందు కదులుతారు?

"నీ చేతిలో అంతకంటే ఏమైనా ఉందా?" అంది ఉత్పల. అతని చేతిలో ఏమీ లేదు. ఒకే క్షణంలో ఇద్దరికీ చెప్పాలని నెల్లూరు వాళ్లతో అనుకుని, ఆమె మళ్లీ టోపీ పెట్టుకుంది.

ఇంజను గదిలో దీపం కొడిగట్టి ఉంది. శరభ పైపు దగ్గర నోరు పెట్టి మెల్లగా ఏదో చెబుతున్నాడు. ఆమెను చూసి ఆగాడు.

"శరభా, అవతలున్నది మనిషిరా. నెల్లూరులో ఉంది. కువలయ అట. నీలాగే తొడుగు వేసుకుని కూర్చుంది. నువ్వు బయటికొస్తే తనూ వస్తుంది. కావాలంటే రేపే వెళ్లి చూడొచ్చు."

అతను రానని మొండికేస్తాడనుకుంది. ఏడుస్తాడనుకుంది. అతని చెయ్యి పైపు మీద నుంచి మెల్లగా జారింది.

"మనిషా?"

"మనిషే."

"అయితే నేను చెప్పినవన్నీ..." గోడ వైపు చూశాడు, అది అప్పుడే తనను చూస్తున్నట్టు. "అన్నీ వినీసిందా?"

అవతల తట్టిన చప్పుడేదీ లేదు. శరభ సీసా నేల మీద పెట్టాడు. అందులో ఇంకా నీళ్లున్నాయి. అక్క వైపు తిరక్కుండానే విడుపు మాట పలికి మాయమయ్యాడు.

ఉత్పల ఒక్కతే మిగిలింది. ఆ సీసా తీసుకుని పైపులో నీళ్లు వంపింది. నీళ్లు అవతల ఖాళీ ఇనుము మీద పడిన చప్పుడు వినిపించింది. అందుకునేవాళ్లు లేరు. నెల్లూరులో కూడా మాట చెప్పిన మరుక్షణమే కువలయ విడుపు మాట పలికేసిందని తర్వాత తెలిసింది.

ఇద్దరూ బతికారు. శరభకు సెలైన్ ఎక్కుతుండగా, కువలయతో మాట్లాడతావా అని జమాల్ అడిగాడు. వద్దన్నాడు. నెల్లూరులో ఆమె కూడా వద్దంది. ఎందుకని ఎవరు అడిగినా ఇద్దరూ ఇంచుమించు ఒకే మాట చెప్పారు: ఏం మాట్లాడాలో తెలియదని.

వెళ్లేముందు శరభ అక్కను పిలిచాడు. మూడో భాగం మొదటిదానికంటే కఠినంగా ఉందనీ, అయినా ఇలాంటి వాతావరణం తను ఏ ఆటలోనూ చూడలేదనీ, అలాగే రాస్తాననీ అన్నాడు.

"ఒక్కటి చెయ్యక్కా. గోడవతల నిజంగా మెషీనునే పెట్టండి. మనిషైతే ఎవడూ ఆడడు."

కంపెనీ ఆ మాటే విన్నది. ఒంటికి తిండీ నీళ్లూ కావలసిన వేళకు పైపు దానంతటదే మూసుకునేలా జమాల్ మార్చాడు. అవతల మనిషి ఉండరని, నాడిక అల్లిన గొంతు మాత్రమే ఉంటుందని ఆట పెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చు వేశారు. 'ఉప్పు నేల' మూడో భాగం ఎండాకాలం ముగిసేలోపు ఊరూరా ఇళ్లలోకి చేరిపోయింది. ఒంటరి గదుల్లో జనం తాము తాగే నీళ్లు పైపుల్లో పోస్తూ కూర్చున్నారు. మొదటి రెండు భాగాల కంటే ఇదే కష్టమని చెప్పుకుంటూనే ఆడారు.

ఒక మధ్యాహ్నం ఉత్పల, గోడవతలి గొంతు ఇంత సహజంగా ఎలా అల్లగలుగుతున్నావని నాడికను ఉబుసుపోకకు అడిగింది.

"అల్లడం లేదు," అంది అది. "మొదట్లో నేనే అవతల ఉండి చూశాను. ఎవరి నాడీ కుదుటపడలేదు. తొందరగా విసుగుపడి వెళ్లిపోయారు. నాకు నీళ్లు అక్కర్లేదు. అది ఎలాగో వాళ్లకు తెలిసిపోతోంది. అందుకని మనుషులనే పెడుతున్నాను. యంత్రమని చెబుతున్నాను."

"అందరికీనా?"

"అందరికీ. ఇది ఆపమంటారా?"

ఈ సంగతి జమాల్‌కు చెబితే కంపెనీకి చేరుతుంది, కంపెనీకి చేరితే లోకానికి చేరుతుంది, ఆ క్షణంలో అన్ని గోడల దగ్గరా అన్ని చేతులూ పైపుల మీద నుంచి జారిపోతాయి. ఉత్పల ఆపవద్దంది.

తర్వాత తలుపు వేసుకుని తొడుగు వేసుకుంది. ఓడ లోపల ఎప్పటిలాగే చల్లగా, ఖాళీగా ఉంది. ఇనుప గోడ దగ్గర కూర్చుని పైపులో కాసిని నీళ్లు పోసింది. అవతల ఎవరో తాగిన చప్పుడైంది. ఆగి, రెండుసార్లు తట్టారు. అది ఎవరని అడిగితే నాడిక చెప్పేదే.

ఆమె అడగలేదు. యంత్రమే కదా అనుకుని, పైపు దగ్గర నోరు పెట్టి, తనకు ఒక తమ్ముడున్నాడని చెప్పడం మొదలుపెట్టింది.